ఒకే ఒక్క మీట: తొలినాటి రేడియో విమానాల జ్ఞాపకాలు

ఇప్పుడు రేడియో విమానం ఎగరేసేవారి చేతిలోని పెట్టెకు రెండు కర్రలు, పది పన్నెండు స్విచ్చులు, ఒక చిన్న తెర ఉంటాయి. మొదటి తరం వారికి ఉన్నది ఒకే ఒక్క మీట. నొక్కితే తోక మీది రడ్డర్ ఒక పక్కకు పూర్తిగా తిరుగుతుంది, వదిలితే మధ్యకు వస్తుంది, మళ్ళీ నొక్కితే రెండో పక్కకు తిరుగుతుంది. కొంచెంగా తిప్పడమనేదే లేదు. ముక్కు పైకెత్తడానికి గాని, ఇంజను వేగం తగ్గించడానికి గాని ఏ వీలూ లేదు. ఆ ఒక్క మీటతోనే ఆరడుగుల రెక్కలున్న విమానాన్ని మొక్కజొన్న చేల మీదుగా తిప్పి, గాలి వాలు చూసి, మళ్ళీ తమ కాళ్ళ దగ్గరకే తెచ్చి దింపగలిగిన మనుషులను నేను చూశాను. వారి పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఆ విద్య ఎరిగినవారు ఏటికేడాది తగ్గిపోతున్నారు గనుక, నాకు గుర్తున్నంతవరకు రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

1960ల చివర హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరడం వల్ల నాకు మోడల్ విమానాలతో పరిచయం కలిగింది. అక్కడ మేము ఎగరేసినవి కంట్రోల్ లైన్ విమానాలు. రెండు సన్నని ఉక్కు తీగల చివర విమానం, మధ్యలో పిడి పట్టుకుని మేము. అది చుట్టూ తిరుగుతుంటే దానితో పాటు మేమూ తిరగాలి. చిన్న డీజిల్ ఇంజనుకు ఈథరు, కిరోసిను, ఆముదం కలిపి పోసేవాళ్ళం. తీగ లేకుండా, గాలిలోకి వదిలేసి, నేల మీది నుంచి నడిపే విమానాలు ఉన్నాయని మాకు తెలిసింది ఆదివారంనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత అమెరికన్ పత్రికల వల్ల. ఆ బొమ్మలను ఎంతసేపు చూసినా తనివి తీరేది కాదు. అయితే మన దేశంలో అప్పట్లో వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవాలంటేనే 1933 నాటి చట్టం కింద లైసెన్సు కావాలి. విదేశీ మారకం దొరకని కాలంలో విదేశం నుంచి తెప్పించుకోవడమనేది విద్యార్థి ఊహకు కూడా అందని సంగతి. అందుకని ఆ కోరిక కాగితం మీదనే ఉండిపోయింది.

పై చదువుకు అమెరికా వెళ్ళి, అది ముగిసిన తరువాత 1973లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో ఉద్యోగంలో చేరాను. ఊరి బయట ఒక రైతు తన బీడు భూమిని మోడల్ విమానాల వారికి వదిలిపెట్టాడు. ఒక శనివారం సాయంత్రం కారులో పోతుండగా ఇంజను శబ్దం వినిపించి ఆగాను. అక్కడ పరిచయమైన పెద్దాయన ఒకరు, ఉద్యోగ విరమణకు దగ్గర పడ్డ యంత్ర నిపుణుడు, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన నాటి నుంచి రేడియో విమానాలు ఎగరేస్తున్నవాడు, నాకు గురువయ్యారు. నేను ఏ దేశం నుంచి వచ్చానో అడగడానికి ముందే నాకు మోడల్ విమానాలకు వాడే తేలికైన బాల్సా కర్ర కోయడం వచ్చునా అని అడిగారు. వచ్చునన్నాను. ఆ మాటతోనే మా స్నేహం కుదిరింది.

నేను చేరిన ఊరు ఈ విద్యకు పుట్టినిల్లని ఆయన చెప్పేవరకు నాకు తెలియదు. వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు కలమజూ వారే. వాల్టర్ విమానం కట్టాడు, హామ్ రేడియో తెలిసిన విలియం రేడియో కట్టాడు. ఎనిమిది అడుగుల రెక్కలున్న వారి విమానం పేరు గఫ్. అది 1937లో ఎగిరింది. అదే ఏడాది డెట్రాయిట్‌లో జరిగిన అమెరికా జాతీయ మోడల్ విమాన పోటీలలో మొట్టమొదటిసారి రేడియో విభాగం పెట్టారు. చెస్టర్ లాంజో అనే ఆయన ఆ ఏడు గెలిచాడు. మరుసటి ఏడు గఫ్ గెలిచింది. ఆ విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ సేకరణలో ఉంది. ఆ రోజుల్లో పోటీలో గెలవడమంటే విన్యాసాలు చేయడం కాదు. మనిషి కోరిన వైపుకు విమానం తిరిగిందని, తిరిగి వచ్చిందని నలుగురి ఎదుట చూపగలిగితే అదే గొప్ప. అయినా ఆ అన్నదమ్ములు చేసినదాన్ని నేను చిన్న పనిగా ఎన్నడూ అనుకోలేదు. మోడల్ విమానానికని తయారైన రేడియో పరికరం ఒక్కటి కూడా అంగట్లో దొరకని కాలంలో, ప్రతి భాగాన్నీ తామే ఆలోచించి, తామే చేసుకున్నారు.

పెద్దాయన గ్యారేజీలో ఆయన 1940ల చివర వాడిన రేడియో సామాను అంతా ఉండేది. ఒక్కొక్కటే తీసి, బల్ల మీద పెట్టి, అది ఏం చేస్తుందో చెప్పేవారు. విమానంలోని రిసీవరుకు ఒకే వాల్వు. ఆర్.కె.61 అని రేథియాన్ కంపెనీ చేసిన, వేలంత కూడా లేని గాజు వాల్వు అది. లోపల కాస్త వాయువు నింపి ఉంటుంది. దాని ఆయుష్షు గంటల లెక్కలోనే ఉండేది. వాల్వులోని తీగ కాలడానికి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ వేరే, దాన్ని పని చేయించడానికి 45 వోల్టుల బ్యాటరీ వేరే. కాబట్టి విమానం పొట్టలో సగం బరువు బ్యాటరీలదే. నేల మీది నుంచి తరంగం అందగానే ఆ వాల్వు గుండా పోయే విద్యుత్తు ఒక మిల్లీ ఆంపియరు పాటి తగ్గుతుంది. ఆ తగ్గుదలకే ఒక సున్నితమైన రిలే, అంటే విద్యుత్తుతో పని చేసే స్విచ్చు, కదలాలి. అది కదిలితేనే రడ్డర్ కదులుతుంది. ఎగరేసే ముందు ఒకరు మీట దగ్గర నిలబడితే, ఇంకొకరు విమానాన్ని చేతిలో పట్టుకుని, దానికి మీటరు తగిలించి, ముల్లు చూసుకుంటూ పొలం చివరిదాకా నడిచి వెళ్ళాలి. చలి పెరిగినా, తేమ పెరిగినా, వాల్వు కాస్త ముసలిదైనా ఆ ముల్లు నిన్న ఉన్న చోట ఇవాళ ఉండదు. ప్రతి వారం మళ్ళీ మొదటి నుంచి సరిచేసుకోవాలి. ఎగరేయడానికి వచ్చినవారు మధ్యాహ్నమంతా మీటరు దగ్గరే గడిపి, ఇంజను తిప్పకుండానే ఇంటికి పోవడం మామూలేనట.

రడ్డర్‌ను తిప్పేది మోటారు కాదు, మెలిపెట్టిన రబ్బరు. దాన్ని ఆపి, వదిలే చిన్న పరికరాన్ని ఎస్కేప్‌మెంట్ అనేవారు. రిలే కదిలినప్పుడు విద్యుదయస్కాంతం ఒక కొక్కేన్ని లాగుతుంది. రబ్బరు పావు చుట్టు తిరిగి ఆగుతుంది. ఆ పావు చుట్టుతో రడ్డర్ పక్కకు పోతుంది. మీట వదిలితే ఇంకో పావు చుట్టు తిరిగి రడ్డర్ మధ్యకు వస్తుంది. ఇప్పుడు కుడికి తిప్పితే మరుసటిసారి నొక్కినప్పుడు ఎడమకే పోతుంది. మళ్ళీ కుడికే కావాలంటే మధ్యలో ఎడమను ఒక్క క్షణం తాకి, దాటి రావాలి. అందుకని ఎగరేసేవాడు క్రితం సారి ఎటు తిప్పాడో మరచిపోకూడదు. గాలిలో ఉన్నంతసేపూ మనసులో ఆ లెక్క నడుస్తూనే ఉండాలి. రబ్బరులో మెలిక ఎంత ఉంటే అన్ని సార్లే తిప్పగలం. ఇంజనుకు పోసిన ఇంధనం ఎంతో అంతసేపే శక్తి. ఇంధనం అయిపోయి ఇంజను ఆగిన తరువాత, మిగిలిన ఎత్తుతో, మిగిలిన మెలికతో దిగాలి. ఆ తరువాత వచ్చిన కాంపౌండ్ ఎస్కేప్‌మెంట్లలో ఒకసారి నొక్కి పట్టుకుంటే కుడి, రెండుసార్లు నొక్కి పట్టుకుంటే ఎడమ అని వాడుక కుదిరింది. అప్పుడు లెక్క తప్పే భయం కొంత తగ్గింది.

ఇక్కడే నేను అన్నింటికన్నా ముఖ్యమనుకునే సంగతి ఉంది. ఒక్క మీటతో నడిపే విమానం ముందుగా తనంతట తాను ఎగరగలిగి ఉండాలి. మనం ఏమీ చెప్పకపోతే అది నెమ్మదిగా పైకి పోతూ, గాలి కుదుపుకు రెక్క వాలినా తానే సర్దుకుంటూ, తిన్నగా పోవాలి. ఆ గుణం రేడియోలో లేదు, విమానం కట్టిన కర్రలో ఉంది. రెక్కలు రెండూ మధ్య నుంచి చివరలకు కాస్త పైకి లేచి ఉంటాయి. దాన్ని డైహెడ్రల్ అంటారు. ఒక రెక్క కిందికి వాలితే విమానం ఆ పక్కకు జారుతుంది, జారినప్పుడు వాలిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి దాన్ని పైకెత్తుతుంది. రడ్డర్ తిప్పినప్పుడు విమానం ఒరిగి మలుపు తీసుకోవడం కూడా ఆ డైహెడ్రల్ పుణ్యమే. అది లేని విమానానికి రడ్డర్ ఒక్కటే ఉంటే ముక్కు పక్కకు తిరుగుతుందే తప్ప మలుపు సరిగా రాదు. ఇంజనును కూడా తిన్నగా బిగించరు. ముక్కు కాస్త కిందికి, కాస్త కుడికి చూసేటట్టు బిగిస్తారు. అలా బిగించకపోతే ఇంజను పూర్తి శక్తితో తిరుగుతున్నప్పుడు విమానం ముక్కు ఎత్తేస్తుంది, ఎడమకు లాగుతుంది.

ఎద్దులకు ఇంటి దారి తెలిసినప్పుడు బండి తోలేవాడు పగ్గాలు వదులుగా పట్టుకుని, మలుపు దగ్గర మాత్రం ఒక మాట అంటాడు. రడ్డర్ ఒక్కటే ఉన్న విమానాన్ని నడపడం నాకు అచ్చం అలాగే అనిపించేది. మీట మీద ఎంత తక్కువసార్లు వేలు పడితే అంత నేర్పరి.

ఆ గుణం విమానంలో ఉందో లేదో గాలిలోకి పంపకముందే తెలుసుకోవాలి. గడ్డి ఏపుగా పెరిగిన చోటు వెతికి, ఇంజను తిప్పకుండా, విమానాన్ని గాలికి ఎదురుగా భుజం ఎత్తు నుంచి మెల్లగా విసిరేవాళ్ళం. ముక్కు ముంచితే తోక రెక్క వెనుక అంచు కింద పలుచటి చెక్క ముక్క పెట్టేవాళ్ళం; ముక్కు ఎత్తి తడబడితే ముందు సీసం చేర్చేవాళ్ళం. రెండు వేళ్ళ మీద రెక్కను నిలబెట్టి బరువు మధ్యస్థానం ఎక్కడుందో చూడడం, రెక్క మెలి తిరిగి ఉంటే ఆవిరి పట్టి సరిచేయడం, ఇలా సాయంత్రమంతా గడిచిపోయేది. పెద్దాయన ఈ పనిలో తొందరపడడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. విసిరిన విమానం తిన్నగా, దూరంగా, ఏ తొట్రుపాటూ లేకుండా గడ్డి మీదికి జారితే, ఇక రేడియో పెట్టవచ్చు అనేవారు. రేడియో అన్నిటికన్నా చివర.

రడ్డర్ ఒక్కటే ఉంటే విన్యాసాలు రావని అనుకుంటారు. కాని మీటను నొక్కి పట్టుకుంటే విమానం ఒరిగి, సుడి తిరుగుతూ కిందికి దూసుకొస్తుంది. వేగం పెరిగిన తరువాత మీట వదిలితే, ఆ వేగానికి రెక్కల ఎత్తుడు శక్తి ఎక్కువై, ముక్కు తనంతట తానే పైకి లేచి, విమానం గాలిలో పూర్తి చక్రం తిరుగుతుంది. ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ లేకుండా లూప్ చేయడమంటే అదే. ఎప్పుడు వదలాలో చేతికి తెలియాలి. ముందు వదిలితే చక్రం సగంలో ఆగుతుంది, ఆలస్యమైతే రెక్కలు విరుగుతాయి. వాల్టర్ గుడ్ 1949 ప్రాంతంలో గీసిన రడ్డర్ బగ్ అనే నమూనాతో పెద్దాయన ఈ విన్యాసం చేస్తుంటే, నాలుగైదు సర్వోలు, అంటే రడ్డర్ వంటివాటిని కదిలించే చిన్న మోటార్లు, ఉన్న విమానాలు తెచ్చుకున్న మేమంతా మా పని ఆపి చూసేవాళ్ళం.

ఒక్క మీటకూ ఇప్పటి రెండు కర్రలకూ నడుమ రెండు అంచెలు గడిచాయి. మొదటిది రీడ్ పద్ధతి. రిసీవరులో దువ్వెన పళ్ళ లాగా సన్నని ఉక్కు రేకులు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరానికే కంపిస్తుంది. కంపించిన రేకు తన సర్వోను కదిలిస్తుంది. 1960లో స్విట్జర్లాండులోని డ్యూబెన్‌డార్ఫ్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో గెలిచిన ఎడ్ కజ్మిర్‌స్కీది ఈ తరమే. 1962లో ఇంగ్లండులో టామ్ బ్రెట్ గెలిచాడు, టారస్ అనే తన విమానంతో కజ్మిర్‌స్కీ రెండో స్థానంలో నిలిచాడు. రెండోది గ్యాలపింగ్ ఘోస్ట్. అందులో రడ్డర్, ఎలివేటర్ రెండూ ఎప్పుడూ ఊగుతూనే ఉంటాయి, ఎటువైపు ఎక్కువసేపు ఉంటే విమానం అటు పోతుంది. తోక ఆడించుకుంటూ ఎగిరే ఆ విమానాలను కలమజూ పొలంలో నేను కొద్దిసార్లే చూశాను, నాకు ఎందుకో వాటి మీద మనసు పోలేదు.

నేను వెళ్ళేనాటికి డిజిటల్ ప్రొపోర్షనల్ పద్ధతి స్థిరపడింది. కర్రను ఎంత కదిలిస్తే రడ్డర్ అంతే కదులుతుంది. ప్రతి సర్వోకు సెకనుకు యాభై సార్లు ఒక చిన్న విద్యుత్ స్పందన అందుతుంది, అది ఒకటిన్నర మిల్లీ సెకన్లు ఉంటే మధ్య, ఒకటి ఉంటే ఒక కొస, రెండు ఉంటే మరో కొస. నా మొదటి రేడియో హీత్‌కిట్ వారిది. ఆ కంపెనీ మా రాష్ట్రంలోనే, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న బెంటన్ హార్బర్‌లో ఉండేది. అది పెట్టెలో విడివిడి భాగాలుగా వచ్చేది. ఎవరికి వారు టంకం పెట్టి కట్టుకోవాలి. కిటికీ బయట మోకాలి లోతు మంచు ఉండగా, వంటింటి బల్ల మీద రెసిస్టర్ల రంగు గీతలు లెక్కపెట్టుకుంటూ, పుస్తకంలో చెప్పిన ఒక్కొక్క పనికి ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ, ఆ చలికాలమంతా గడిపాను. చివరి సర్వోకు తీగ కలిపి, కర్ర కదిలించగానే అది కదిలినప్పుడు కలిగిన ఆనందం ఇన్నేళ్ళ తరువాత కూడా తగ్గలేదు. ఆ రేడియో పెట్టిన విమానం కార్ల్ గోల్డ్‌బర్గ్ కంపెనీ వారి ఫాల్కన్ 56. రెక్కల పొడవు 56 అంగుళాలు. అందుకే ఆ పేరు. ఇస్త్రీ పెట్టెతో అంటించే ప్లాస్టిక్ పొర అప్పటికే వచ్చినా, పెద్దాయన మాట మీద నేను పట్టు గుడ్డ పరచి, ఆరితే గుడ్డను బిగించే డోపు అనే ద్రవం పూసి రెక్కలు కప్పాను. పూసిన ప్రతిసారీ బిగిసి, మద్దెల చర్మం వంటి శబ్దం వచ్చేది.

అక్కడి పొలంలో అడుగు పెట్టిన తొలి రోజున నన్ను ఆపి నిలబెట్టింది శబ్దమైతే, కట్టిపడేసింది వాసన. గ్లో ఇంజను ఇంధనంలో మిథనాల్ ఎక్కువ భాగం, నైట్రోమీథేన్ కొంచెం, ఐదో వంతు దాకా ఆముదం. మిథనాల్‌లో చక్కగా కలిసిపోతుంది, మండే వేడికి కూడా లోహం మీద తన పొరను వదలదు. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లకు కూడా ఇదే నూనె. మాది నల్లగొండ జిల్లా. మెట్ట చేలల్లో ఆముదం వేసేవాళ్ళం. మా నాయనమ్మ గింజలు వేయించి, దంచి, నీళ్ళలో మరగబెట్టి, పైకి తేలిన వంటాముదం తీసి సీసాల్లో పోసేది. ఇంటికి కొన్ని వేల మైళ్ళ దూరంలో, ఎవరూ నా భాష మాట్లాడని పొలంలో, ఆ కాలిన ఆముదం పొగ ముక్కుకు తగిలినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. తరువాత కృత్రిమ నూనెలు వచ్చాయి, అవి ఇంజనును శుభ్రంగా ఉంచుతాయి. అయినా నేను నా ఇంధనంలో ఆముదం పాలు మానలేదు.

ఇప్పటివారికి చెప్పినా నమ్మకం కలగనిది రిబ్బన్ల సంగతి. 27 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీలో మాకు ఆరు చోట్లే, అంటే ఆరు చానళ్ళే, ఉండేవి. ఒక్కొక్కదానికి ఒక రంగు. గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఎవరి చోటు ఏదో ఆ రంగు రిబ్బను ఏంటెనా కొసకు కట్టుకోవాలి. 72 మెగాహెర్ట్జ్ వారికి ఆ రంగుతో పాటు తెల్ల రిబ్బను కూడా. ఒకే రంగువాళ్ళు ఇద్దరు ఒకేసారి స్విచ్చు వేస్తే గాలిలో ఉన్న విమానం కూలిపోతుంది. అందుకని పొలంలో ఒక పలక మీద రంగు రంగుల బట్టల క్లిప్పులు ఉండేవి. తన రంగు క్లిప్పు చేతికి వచ్చేదాకా ఎవరూ రేడియో ముట్టేవారు కారు. ఈ నియమం వల్ల ఒకరి కోసం ఒకరు ఎదురు చూడడం, ఎదురు చూసేటప్పుడు మాట్లాడుకోవడం, పక్కవాడి విమానం ఎత్తి చూడడం అలవాటయ్యాయి. నేను నేర్చుకున్నదంతా దాదాపు ఆ ఎదురుచూపుల్లోనే నేర్చుకున్నాను.

అయితే పొలంలో పలక ఉన్నా, రోడ్డు మీద లేదు కదా. 1970ల మధ్యలో అమెరికా అంతటా సి.బి. రేడియోల పిచ్చి పట్టింది. లారీల్లో, కార్లలో అందరూ అవే పెట్టుకుని మాట్లాడుకునేవారు. అవి పని చేసేది కూడా 27 మెగాహెర్ట్జ్‌లోనే. 1976 వేసవిలో నా ఫాల్కన్ రెండు మూడు వందల అడుగుల ఎత్తున తిన్నగా పోతూ ఉన్నట్టుండి వీపు తిరిగి, నా కర్రలతో నిమిత్తం లేకుండా, మొక్కజొన్న చేలో పడింది. ఎవరి మాటలు దాన్ని పడగొట్టాయో ఎవరికి తెలుసు! పట్టు గుడ్డ చిరిగిన రెక్కలతో దాన్ని తెచ్చి పెద్దాయన గ్యారేజీ బల్ల మీద పెట్టాను. ఆ వానాకాలమంతా ఇద్దరం కలిసి బాగు చేశాం, రేడియోను 72కు మార్చాను.

1991లో ఇరుకు పట్టీల నియమం వచ్చి 72 మెగాహెర్ట్జ్‌లో యాభై చోట్లు దొరికాయి. ఆ తరువాత 2005 ప్రాంతంలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చి రిబ్బన్ల అవసరమే పోయింది. వాటిని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానించాను. ఒకరి స్విచ్చు మరొకరి విమానాన్ని కూల్చని రోజు కోసం మేమంతా ఎంతో ఎదురు చూశాం. నాకు వెలితిగా తోచేది వేరే. ఇప్పుడు రిసీవరులోనే విమానం ఒరుగును పసిగట్టే గైరోలుంటాయి, వాలిన రెక్కను చిప్పే ఎత్తుతుంది. అందువల్ల విమానం తనంతట తాను ఎలా ఎగురుతుందో చూడకుండానే ఎగరేయవచ్చు. గడ్డిలోకి విసిరి చూసే అవసరం లేదు, చూసేవారూ లేరు. కర్రలో ఉండవలసిన గుణం చిప్పులోకి వెళ్ళిపోయింది. చిప్పు చేసినవారి ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. కాని గాలికి, రెక్కకు మధ్య జరిగేది చేత్తో తెలుసుకునే అవకాశం కొత్తవారికి పోయిందని నిజంగా బాధపడతాను.

ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు మేనార్డ్ హిల్ గుర్తొస్తారు. రేడియో విమానాలతో ఎన్నో ప్రపంచ రికార్డులు సాధించిన ఆయన 2003 ఆగస్టులో, చూపు దాదాపు పోయిన ముసలి వయసులో, ఐదు కిలోలైనా లేని బాల్సా విమానాన్ని కెనడాలోని న్యూఫౌండ్‌లాండు నుంచి అట్లాంటిక్ మహాసముద్రం దాటించి ఐర్లండులో దింపించారు. సుమారు 39 గంటల ప్రయాణం. సముద్రం మీద దారి చూపింది జి.పి.ఎస్. తోడున్న ఆటోపైలట్ అనేది నిజమే. అయితే ఆ రాత్రింబవళ్ళు గాలిని తట్టుకుని, గుక్కెడు గుక్కెడుగా ఇంధనం తాగి నిలబడగలిగేటట్టు విమానం కట్టింది తొలినాటి అలవాట్లున్న చేతులే.

ఈమధ్య ఇంగ్లండులోనూ అమెరికాలోనూ కొందరు పాతకాలపు ఒక్క మీట విమానాలను మళ్ళీ కడుతున్నారు. లోపల 2.4 రేడియో, సర్వో ఉంటాయి. కాని చేతిలో ఒక్కటే మీట, ఎస్కేప్‌మెంట్ ఎలా కదిలేదో అలాగే సర్వో కదిలేటట్టు చిన్న ప్రోగ్రాము రాసి పెడుతున్నారు. నమ్మదగిన రేడియో, తనంతట ఎగరగల విమానం, రెండూ ఒకే చోట కుదరడం నాకు చాలా నచ్చింది. ఎన్.సి.సి.లోనో, ఇంజనీరింగు కాలేజీలోనో రేడియో విమానాలు మొదలుపెట్టే మన పిల్లలకు మొదటి విమానంగా ఇలాంటిదే ఇవ్వాలని నా అభిప్రాయం. నేను కూడా రడ్డర్ బగ్ నకలు తెప్పించుకుని పక్కటెముకలు కోయడం మొదలుపెట్టాను. ఇంజను మాత్రం విద్యుత్తుది పెట్టను. గ్లో ఇంజనే, ఆముదం కలిపిన ఇంధనమే.